కనకయ్యన్న పాస్‌పోర్టు

పదేళ్లకు పైగా ఈ మాట నా గుండెల మీద కూర్చుని ఉంది. దించుకుందామని చాలాసార్లు అనుకున్నాను. మా ఆవిడకు చెబుదామని ఒకసారి నోరు తెరిచి, ఉప్పు తక్కువైందని చెప్పి ఊరుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ముఖం చూసి చెప్పే ధైర్యమే ఉంటే ఈ కాగితం అవసరం ఉండేది కాదు.

నా పేరు రాయను. గోదావరిఖని బస్టాండు దగ్గర చిన్న దుకాణం నాది. ఒక టైపు మిషను, మూడు కుర్చీలు, గోడకు ప్రపంచ పటం. పాస్‌పోర్టు ఫారాలు నింపడం, వీసాల కోసం బొంబాయి వెళ్లడం, టికెట్లు ఏర్పాటు చేయడం నా పని. ఓడలో హజ్‌కు వెళ్లే ముసలివాళ్లకు ఏం సర్దుకోవాలో చెప్పేది నేనే. గల్ఫ్‌కు పోయే డ్రైవర్లకు ఎక్కడ దిగాలో, ఎవరికి ఏ కాగితం చూపించాలో చెప్పేదీ నేనే. బొగ్గు రవాణా కాంట్రాక్టరు పెళ్లాం పిల్లలతో సింగపూర్ పోతానని, కిటికీలోంచి సముద్రం కనిపించే గదే కావాలని పట్టుబడితే, ఆ హోటలుకు కబురు పంపి గది ఖాయం చేయించిందీ నేనే. చవకలో చవక, ఖరీదులో ఖరీదు, ఎలాంటి ప్రయాణమైనా పటం మీద వేలు పెట్టి చూపించేవాణ్ణి. నేను మాత్రం బొంబాయి దాటలేదు. విమానాన్ని బయటి నుంచి చూశాను, అంతే.

కనకయ్యన్న గని కార్మికుడు. నాకంటే పదేళ్లు పెద్ద. గని పుస్తకాల్లో ఆయన పేరు మల్లయ్య. మా దగ్గర ఇది వింత సంగతి కాదు. గనిలో దిగాలంటే జనం జంకే రోజుల్లో, ఒకరి పేరు మీద వచ్చిన కాగితంతో ఇంకొకరు పనిలో చేరేవారు. మల్లయ్య ఆయన పెద్దనాన్న కొడుకు. ఒక్క షిఫ్టు దిగి, పైకొచ్చి, జ్వరం తెచ్చుకుని, కాసిపేట దగ్గరి వాళ్ల పల్లెకు పారిపోయాడట. మర్నాడు ఆ పేరుతో కనకయ్యన్న దిగాడు. ఇరవై రెండేళ్లు ఆ పేరుతోనే దిగాడు. క్వార్టరు మల్లయ్యది, జీతం మల్లయ్యది, దవాఖాన చీటీ మీద కూడా మల్లయ్యే. అసలు మల్లయ్య ఎప్పుడో చనిపోయాడు. కాలనీలో సగం మందికి ఈ సంగతి తెలుసు. మిగతా సగంలో ఎందరివి సొంత పేర్లో ఎవరూ అడగరు. అడగకూడదు, బయటికి చెప్పకూడదు. ఎవరూ నేర్పకుండానే అందరికీ తెలిసిన కట్టుబాటు అది.

ఎనభైల చివర్లో గనికి ఒక పెద్ద యంత్రం వచ్చింది. దాన్ని బిగించడానికి విదేశీ మెకానిక్కులు వచ్చారు. వాళ్లలో ఒకాయనకు కనకయ్యన్న సహాయకుడు. ఆ తెల్లాయన తన ఊరి ఫొటో చూపించాడట. అర్ధరాత్రి తీసిన ఫొటో. ఆకాశంలో సూర్యుడు. ఎండాకాలంలో మా ఊళ్లో సూర్యుడు మునగడు అని సైగలతో చెప్పాడట.

ఆ ఆదివారమే కనకయ్యన్న మా దుకాణానికి వచ్చాడు. పటం ముందు నిలబడి ఆ ఊరు ఎక్కడుందో చూపించమన్నాడు. నార్వే పై కొస చూపించాను. ఆయన ఆ కొస మీద వేలు పెట్టాడు. తర్వాత, అక్కడికి పోవాలంటే ఏం చెయ్యాలె అని అడిగాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

రెండేళ్లు ఆదివారాలన్నీ దానికే పోయాయి. డబ్బు సంగతి మొదటి నెలలోనే తేల్చుకున్నాం. చీటీ పాడతానన్నాడు, ఆ మాట అక్కడితో అయిపోయింది. మిగతాదంతా దారి గురించే. ఢిల్లీలోని రాయబార కార్యాలయాలకు ఉత్తరాలు రాస్తే రంగురంగుల పుస్తకాలు ఉచితంగా పంపేవాళ్లు. మాస్కో దాకా విమానం, అక్కణ్ణుంచి లెనిన్‌గ్రాడ్, అక్కణ్ణుంచి ఫిన్లాండు, పట్టాలు అయిపోయేదాకా రైలు, ఆ పైన బస్సు. చవక హాస్టళ్లలో పడుకోవాలి. దుప్పటి మనదే తీసుకుపోవాలి. సకినాలు ఎన్ని రోజులు ఆగుతాయో వాళ్లావిడ లచ్చమ్మ వదినను అడిగి వచ్చి నాకు చెప్పేవాడు. కాంట్రాక్టర్ల ప్రయాణాలు నాకు బతుకుదెరువు. ఈ ప్రయాణం అలా కాదు. నేను దీన్ని ప్రేమించాను. ఎప్పటినుంచో తెలియదు, లెక్కంతా ఇద్దరికి వేయడం మొదలుపెట్టాను. ఆయనకు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందనుకోలేదు. నా పాస్‌పోర్టు మాత్రం చేయించుకుని పెట్టుకున్నాను.

ఆయన పాస్‌పోర్టు సొంత పేరుతోనే తీయాలన్నది ఆయన పంతం. దానికి దారి కూడా నేనే కనిపెట్టాను. కాసిపేట పక్క పల్లెకు చెందిన రైతు కనకయ్య అని రాశాను. గని ఊసే లేదు. పోలీసు విచారణ పల్లెలోనే జరిగిపోయింది. ఉత్తరాలు మాత్రం నా దుకాణం చిరునామాకు వచ్చేలా రాశాను. అందరికీ అలాగే రాసేవాణ్ణి.

ఒక ఆదివారం ఆ పై కొస ఊరి హాస్టలు నుంచి జవాబు వచ్చింది. కనకయ్యన్న కవరు తిప్పి తిప్పి చూశాడు.

"ఏం రాసిండ్రు తమ్మీ?"

"రెండు మంచాలు ఖాయం చేసిండ్రన్నా."

"రెండెందుకు?"

"నేను గూడ వస్తున్న గదా."

ఆయన పెద్దగా నవ్వాడు. "నువ్వా? నువ్వెందుకు తమ్మీ! నువ్వు కుర్సీల కూసోనే లోకమంత సూసినోనివి. నన్నొక్కణ్ణి పోనియ్యి. ఇరవై రెండేండ్లు మంది నడుమ దిగిన, మంది నడుమ ఎక్కిన. ఒక్కసారన్న ఒక్కణ్ణే పోవాలె. నా పేరుతోని నేను తిరగాలె."

టికెట్ కోసం వచ్చి కూర్చున్న ఒక కాంట్రాక్టరు గుమస్తా పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. ఒక మంచం కొట్టేసి మళ్లీ ఉత్తరం రాస్తానన్నాను. ఆయన నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఏమన్నాడని? ఇప్పుడు ఆ మాటలు మళ్లీ మళ్లీ చదువుకుంటే అందులో ఎగతాళి కనబడదు. ఒక మనిషి జీవితంలో ఒకే ఒక్కసారి తనకోసం ఏదో అడిగాడు, అంతే. కానీ ఆ రోజు నాకు గుమస్తా నవ్వే వినబడింది. ఊరందరికీ దారి చూపించి, కుర్చీలోనే ముసలివాణ్ణయిపోతానన్న భయం అప్పటికే నాలో ఉంది. దాన్ని ఆయన తెలియక తొక్కాడు. మూడు రోజులు నాకు అన్నం సయించలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం దుకాణం సగం తలుపు వేసి ఇన్‌లాండు కవరు మీద కంపెనీకి ఉత్తరం రాశాను. ఎడమ చేత్తో రాశాను. ఫలానా గనిలో మల్లయ్య అనే పేరుతో పనిచేస్తున్న మనిషి మల్లయ్య కాడు, అసలు మల్లయ్య చనిపోయాడు, కాసిపేట పక్క పల్లెలో విచారిస్తే తెలుస్తుంది అని. అంతే, నాలుగు వరుసలు. కింద సంతకం లేదు. ఆకాశరామన్న ఉత్తరం అంటాం కదా, అదే. గోదావరిఖని ముద్ర పడకూడదని రామగుండం స్టేషనుకు పోయి, ప్యాసింజరు ఎక్కి, నది దాటి మంచిర్యాలలో దిగి, అక్కడి డబ్బాలో వేసి వచ్చాను. నా జీవితంలో అంత జాగ్రత్తగా ఏర్పాటు చేసుకున్న ప్రయాణం ఇంకొకటి లేదు.

ప్రయాణం ఆగితే చాలనుకున్నాను, ఉద్యోగం పోతుందనుకోలేదు. చాలా ఏళ్లు నాకు నేను ఇదే చెప్పుకున్నాను. అది అబద్ధం. మారుపేరు బయటపడి ఉద్యోగాలు పోయినవాళ్ల అర్జీలు నేనే టైపు చేసి పెట్టేవాణ్ణి. ఒక్కరికి కూడా తిరిగి పని దొరకలేదు. ఏమవుతుందో ఆ ఊళ్లో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. తెలిసే వేశాను.

ఆరు వారాల్లో అంతా అయిపోయింది. విచారణ జరిగింది, పల్లె నుంచి ఇద్దరు సాక్షులు వచ్చారు, కనకయ్యన్న ఒప్పుకున్నాడు. ఉద్యోగం పోయింది. క్వార్టరు ఖాళీ చేయమన్నారు. ఆ కాగితం పట్టుకుని ఆయన ఎవరి దగ్గరికి వచ్చాడనుకున్నారు? నా దగ్గరికే. అర్జీ రాసి పెట్టు తమ్మీ అన్నాడు. రాశాను. నా జన్మలో అంత మంచి అర్జీ రాయలేదు. ఇరవై రెండేళ్ల సేవ, ఒక్క మచ్చ లేదు, భార్య, పన్నెండేళ్ల కూతురు. టైపు చేస్తుంటే కళ్లు చెమ్మగిల్లాయి. అవి దొంగ కన్నీళ్లా? కావు. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ చేయీ నాదే, ఈ చేయీ నాదే.

ఆయన ఎవరినీ అనుమానించలేదు. తప్పు తనదే అన్నాడు. పాస్‌పోర్టు విచారణకు పోలీసులు పల్లెకు వెళ్లారు కదా, ముచ్చట అక్కణ్ణుంచే కంపెనీ దాకా పోయి ఉంటుందని ఆయన లెక్క. నాకు లేనిపోని ఆశ పుట్టింది, ఆ ఆశే నా ఇల్లు కూల్చింది అన్నాడు. నేను కాదనలేదు. తల ఊపాను.

అర్జీ తిరిగి వచ్చిన నెలకు రిజిస్టర్డు పోస్టులో ఆయన పాస్‌పోర్టు వచ్చింది. ఫొటో, సొంత పేరు, ఖాళీ పేజీలు. ఏ అడ్డంకీ లేకుండా, ఎవరికీ అనుమానం రాకుండా వచ్చింది. దాన్ని ఆయన చేతిలో పెడితే మొదటి ప్రశ్న ఏమొస్తుంది? పాస్‌పోర్టు ఇంత సాఫీగా వస్తే, మరి కంపెనీకి చెప్పిందెవరు అని. అందుకే ఇవ్వలేదు. నామంజూరు అయిందని చెప్పాను. ఆ మాటతో ఆయన నమ్మకం గట్టిపడింది. ఆ పాస్‌పోర్టు నా బీరువా అడుగునే ఉండిపోయి, ఒక్క ముద్ర కూడా పడకుండా గడువు దాటిపోయింది.

ఆ తర్వాత ఆయన కాంట్రాక్టు కూలీగా లారీలకు బొగ్గు ఎత్తాడు. ఊరి చివర ఒక గుడిసెలో కాపురం పెట్టారు. కూలీ హాజరులో మాత్రం సొంత పేరే. నా దుకాణంలో ఎవరైనా ఫారం నింపుతూ కనబడితే చాలు, ఆగి చెప్పేవాడు, ఉన్నది పోగొట్టుకోకు బిడ్డా అని. నేను తలవంచుకుని టైపు కొట్టేవాణ్ణి.

ఇంతవరకే అయితే, ఒకవేళ, ఎలాగోలా మోసుకుని పోయేవాణ్ణేమో.

ఎనిమిదేళ్ల తర్వాత ఆయన కూతురు పద్మ వచ్చింది. కరీంనగర్‌లో నర్సు చదువు పూర్తి చేసింది. సౌదీలో ఒక దవాఖాన నుంచి పిలుపు వచ్చిందట. పాస్‌పోర్టు ఫారం కావాలంది. ఎంత సంబరంగా ఉందో ఆ పిల్ల. జీతం గురించి అడగలేదు. విమానంలో కిటికీ పక్కన సీటు దొరుకుతుందా కాకా అని అడిగింది. దొరుకుతుందన్నాను. ఫారం సగం నింపాను. ఇదైనా సరిగ్గా చేస్తే కొంత తీరుతుందనుకున్నాను.

అప్పుడే కనకయ్యన్న లోపలికి వచ్చాడు. ఎవరు చెప్పారో, లారీ దగ్గర్నుంచి ఒంటి మీద బొగ్గు దుమ్ముతో అలాగే వచ్చాడు. కోపంగా లేడు. ఫారం నా చేతిలోంచి తీసుకుని మెల్లగా మడిచాడు.

"మనింటికి పాస్‌పోర్టు అచ్చిరాలేదు బిడ్డా. నా ఆశ నా నౌకరిని మింగింది. నిన్ను మింగనియ్య."

పద్మ నా వైపు చూసింది. "మీరన్న చెప్పుండ్రి కాకా."

ఒక్క వాక్యం. నా నోటి నుంచి ఒకే ఒక్క వాక్యం వచ్చి ఉంటే చాలు. ఆయన కొడితే కొట్టేవాడు. ఊరంతా ఉమ్మేస్తే ఉమ్మేసేది. ఆ పిల్ల మాత్రం విమానం ఎక్కేది. నేను నా దుకాణాన్ని చూసుకున్నాను. గోడ మీది పటాన్ని చూసుకున్నాను.

"మీ నాయన చెప్పినట్టు ఇను," అన్నాను.

మొదటి ఉత్తరం కోపంలో రాశానని అనుకోవచ్చు. ఈ మాట మాత్రం నిమ్మళంగా, కుర్చీలో కూర్చుని అన్నాను. ఏది ఎక్కువ పాపం అని నన్ను అడిగితే ఇదే అంటాను. పద్మ ఇప్పుడు రామకృష్ణాపూర్‌లో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో సూదులు వేస్తోంది. తండ్రి మాట మీద మళ్లీ ఎప్పుడూ ఎక్కడికీ పోతాననలేదు.

పోయిన వానాకాలం కనకయ్యన్న చనిపోయాడు. ఊపిరితిత్తులు. దినాలకు రమ్మని చెప్పడానికి పద్మ వచ్చింది. నాన్న ఆఖరి వారంలో మిమ్మల్నే తలుచుకున్నాడు, కష్టంలో నిలబడ్డది మీరొక్కరేనన్నాడు కాకా అంది. నేను వెళ్లాను. భోజనం కూడా చేశాను. అందరితోపాటు కూర్చుని, విస్తట్లో ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ హక్కు మీది కాదు. ఆ హక్కున్న మనిషి పోయాడు, మిగిలిన తల్లీకూతుళ్ల ముందు నాకు నోరు లేవదు. ఇది రాస్తుంటే మాత్రం చాలా ఏళ్ల తర్వాత గొంతులో అడ్డం లేనట్టుంది. ఇంత నెమ్మది నాకు దక్కవచ్చా? తెలియదు. అయినా ఆ రోజు దుకాణంలో పద్మ అడిగినప్పుడు చెప్పాల్సిన వాక్యం ఇక్కడైనా రాస్తాను.

మీ నాయన ఆశ ఎవరినీ మింగలేదు, పద్మా. కంపెనీకి ఆ ఉత్తరం రాసింది నేను.