బొమ్మలో లేని తల్లి

ఎటోబికోలో ఎయిర్‌పోర్ట్ దగ్గరి గోడౌన్‌లో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. మ్యూజియాలకు వెళ్లే పెయింటింగులను పెట్టెల్లోంచి తీసి, రంగు ఎక్కడైనా ఊడిందేమో చూసి, మళ్లీ ప్యాక్ చేయడం మా పని. నాతోపాటు కాకినాడ ఆంటీ ఒకరు ఉండేవారు. యాభై దాటాయి, పెద్దగా మాట్లాడేవారు కాదు.

పోయిన ఫిబ్రవరిలో ఒక ఉదయం ఇటలీ నుంచి నిలువెత్తు కాన్వాస్ వచ్చింది. నాలుగు వందల ఏళ్ల నాటిది. చీకట్లోంచి దూసుకొస్తున్న నల్ల గుర్రాలు, రథం. గడ్డంవాడొకడు ఓ అమ్మాయిని నడుం పట్టి ఎత్తుకుపోతున్నాడు. అతని వేళ్లు ఆమె పక్కటెముకల్లో దిగబడి ఉన్నాయి.

"ఎవరమ్మా వీళ్లు?" ఆంటీ అడిగారు.

"రోమన్ల కథ ఆంటీ. వాడు ప్లూటో, పాతాళానికి రాజు. పూలు కోసుకుంటున్న పిల్లని ఎత్తుకుపోయి పెళ్లి చేసుకుంటాడు."

"మరి వాళ్లమ్మేదీ?"

"ఇందులో లేదు. తర్వాత ఊరూరా వెతుక్కుంటుందట."

ఆంటీ చేతిలోని టార్చి పక్కన పెట్టి స్టూల్ మీద కూలబడ్డారు. అప్పుడు చెప్పారు. కూతురు ఇక్కడికి నాలుగు గంటల దూరంలో, విండ్సర్‌లో ఉంటుంది. అల్లుడు ఉద్యోగం మాన్పించాడు, ఫోన్ లాక్కున్నాడు. కూతురి గొంతు విని ఐదు నెలలైంది.

"వాళ్ల సంసారం వాళ్లు చక్కబెట్టుకుంటార్లే అని ఊరుకున్నా. నేనే ఊరుకున్నా."

శనివారం నా కారులో బయలుదేరాం. దారంతా ఆవిడ మంచినీళ్లు కూడా ముట్టలేదు. తలుపు కూతురే తీసింది, గొలుసు తీయకుండా. కంటి కింద కమిలిన మచ్చ పసుపురంగుకు తిరిగింది.

"ఎందుకొచ్చావమ్మా? ఐయామ్ ఫైన్. ప్లీజ్, వెళ్లిపో."

"ఒక్కసారి బయటికి రా తల్లీ. కారు ఇక్కడే ఉంది."

లోపల్నుంచి ఎవరని మగగొంతు అడిగింది. "డెలివరీ" అంటూ ఆమె తలుపు మూసేసింది.

పోలీసులకు నేనే ఫోన్ చేశాను. వాళ్లు లోపలికెళ్లి పది నిమిషాల్లో వచ్చేశారు. మెట్ల మీద పడ్డానని చెప్పిందట. ఇంకేమీ చేయలేమన్నారు.

సోమవారం ఆ కాన్వాస్‌ను ప్యాక్ చేస్తున్నప్పుడు ఆంటీ అటు చూడలేదు. దెబ్బలేమీ లేవని రిపోర్టులో రాశాను.

నెల తిరిగేసరికి ఆవిడ ఉద్యోగం మానేసి విండ్సర్ వెళ్లిపోయారు. కూతురి వీధికి దగ్గర్లో బేస్‌మెంట్ అద్దెకు తీసుకుని, కిరాణా స్టోర్‌లో చేరారు. ఒకరోజు ఫోన్ చేస్తే గొంతులో కాస్త ప్రాణం వినిపించింది.

"ఒక్కతే వచ్చిందమ్మా. పాలు తీసుకుంది. వెళ్తూ వెళ్తూ, రేపు కూడా నీ షిఫ్టేనా అనడిగింది."

మర్నాడు షిఫ్ట్ అయిపోయాక కూడా ఆంటీ కూతురి కోసం స్టోర్ తలుపు దగ్గరే కూర్చున్నారట. రాలేదు. మూడు వారాలైంది, ఇంకా రాలేదు.