మెట్ల కింద నీలం దారం

మా ఊళ్ళో ఎవరైనా "వద్దు" అంటే దానికి అర్థం లేదు. అది పలకరింపు. ఇంటికొచ్చిన మనిషికి టీ ఇవ్వబోతే "అబ్బే, ఎందుకండీ శ్రమ" అంటాడు. రెండోసారి అడిగితే "ఇప్పుడే తాగొచ్చాను" అంటాడు. మూడోసారి గ్లాసు చేతిలో పెడితే అప్పుడు తాగుతాడు, అదీ అడుగున కాస్త మిగిల్చి. అడగ్గానే పుచ్చుకున్నవాణ్ణి ఆశపోతు అంటాం. ఒక్కసారి అడిగి ఊరుకున్నవాణ్ణి పిసినారి అంటాం. జావాలో, మెర్బాబు కొండ కింద ఈ చిన్న నగరంలో పుట్టినవాళ్ళందరికీ ఈ రోగం ఉంది, నాతో సహా. కానీ దీనివల్ల సర్మిని నష్టపోయినంతగా ఇంకెవరూ నష్టపోయి ఉండరు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సర్మిని పాత బట్టలు బాగుచేస్తుంది. చిరుగులకి రఫ్ఫు చేయడం, జిప్పులు మార్చడం, బడిపిల్లల నిక్కర్లు వదులు చేయడం. పాత మార్కెట్టు తూర్పు గుమ్మం పక్కన, టార్పాలిన్ కింద కుట్టుమిషను వేసుకుని ముప్ఫై ఒక్క ఏళ్ళు కూర్చుంది. ఆవిడ గొప్పంతా దారం ఎంచడంలోనే ఉంది. పాత బిస్కెట్ల డబ్బాలో ఆరు రకాల నలుపు, తొమ్మిది రకాల నీలం. గుడ్డని ఎండలోకి తీసుకెళ్ళి, ఒక్కో రీలు దాని మీద ఆనించి చూసి గానీ సూదికి ఎక్కించేది కాదు. పని అయ్యాక "ఎక్కడ కుట్టానో చూపించండి చూద్దాం" అని గిరాకీలనే అడిగేది. వాళ్ళు తిప్పి తిప్పి చూసి, ఓడిపోయి నవ్వుకుంటూ వెళ్ళేవాళ్ళు.

యాభై తొమ్మిదో ఏడు వచ్చేసరికి చూపు మందగించింది. ఎండలో ఫరవాలేదు. ట్యూబులైటు కింద మాత్రం ముదురు నీలం, నలుపు ఆవిడకి ఒక్కలాగే కనిపిస్తాయి. ఈ సంగతి మొగుడు కస్దికి తప్ప ఎవరికీ తెలియదు.

అలాంటప్పుడు పాత మార్కెట్టు కూలగొట్టి మూడంతస్తుల కొత్తది కట్టారు. అమ్ముకునేవాళ్ళని ఒక్కొక్కరినే మార్కెట్టు ఆఫీసుకి పిలిచి ఎవరి కొట్టు ఎక్కడో రాసుకుంటున్నారు. సర్మినికి కావలసింది ఒక్కటే. కింది అంతస్తులో తూర్పువైపు ముందు వరస. అక్కడ మధ్యాహ్నం దాకా ఎండ పడుతుంది.

"వెళ్ళగానే నాకు ఫలానాది కావాలి అనకు," అన్నాడు కస్ది, పావురం పంజరం తుడుస్తూ. "పరువుగా ఉండదు. ముందు వద్దను. మళ్ళీ అడుగుతారు. మూడోసారి తలూపు."

"నాకు నేర్పుతున్నావా? మన పెళ్ళిచూపుల్లో రెండోసారి అడక్కముందే అప్పాలు లాక్కున్నది ఎవరు?"

"ఆకలేసింది మరి," అన్నాడు కస్ది.

ఆఫీసులో తోగర్ అనే కుర్ర గుమాస్తా ఉన్నాడు. సుమత్రా నుంచి, తోబా సరస్సు వైపు నుంచి వచ్చి మూడు వారాలైంది. వాళ్ళవైపు అవునంటే అవును, కాదంటే కాదు. మంచి పిల్లవాడు. వాడి మీద నాకేం కోపం లేదు. సర్మినికి కుర్చీ వేసి, పటం ఆవిడవైపు తిప్పి, వేలు పెట్టి చూపించాడు.

"అమ్మా, తూర్పువైపు ముందు వరస. నాలుగో నంబరు ఖాళీగా ఉంది. మీరు పాతవాళ్ళు కదా, ముందు మిమ్మల్నే అడుగుతున్నా. కావాలా?"

సర్మిని పటం మీదికి వంగింది. కావాలి. ఆ వేలు ఆనిన చోటే కావాలి.

"అయ్యో, నాకెక్కడైనా ఒకటే బాబూ," అంది. "చిన్నపిల్లలున్న వాళ్ళెవరికైనా ఇవ్వండి."

తోగర్ ఆవిడ ముఖంలోకి చూశాడు. "ఎంత మంచి మనసమ్మా మీది," అన్నాడు. వెనక బల్ల మీద చంకలో మూడేళ్ళ పిల్లతో లస్త్రి కూర్చుని ఉంది. ఆడవాళ్ళ తలగుడ్డలు అమ్ముకునే పిల్ల, సర్మిని పక్కవీధే. ఆమె పేరు నాలుగుకి ఎదురుగా రాశాడు. సర్మిని పేరు అరవై ఒకటికి ఎదురుగా రాశాడు. ముద్ర కొట్టాడు.

సర్మిని కదల్లేదు. రెండోసారి అడుగుతాడని చేతిసంచి ఒళ్ళో పట్టుకుని అలాగే కూర్చుంది.

"ఇంకేమైనా ఉందా అమ్మా?"

నోరు తెరవాల్సిన క్షణం అదే. కానీ వెనక లస్త్రి ఏడుస్తోంది, సంతోషంతో. "ఏం లేదు బాబూ," అంది సర్మిని. లేచి, వాడికి నమస్కారం చెప్పి బయటికొచ్చింది.

అరవై ఒకటి వెనకవైపు మెట్ల కింద ఉంది. పట్టపగలు కూడా లైటు వెయ్యాలి.

ఆ సాయంత్రమే లస్త్రి కొబ్బరిపాల అన్నం, కోడివేపుడు పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది. వీధిలో నలుగురూ చూస్తుండగా సర్మిని చెయ్యి కళ్ళకద్దుకుంది. "అక్కా, సొంత అక్క కూడా ఇంత చెయ్యదు." వారం తిరగకుండా ఊరంతా పాకింది. నెలనెలా ఆడవాళ్ళు కలిసేచోట పేటపెద్ద భార్య లేచి నిలబడి మరీ చెప్పింది, సర్మిని లాంటి వాళ్ళున్నారు కాబట్టే ఈ ఊరు ఇలా ఉందని. అందరూ చప్పట్లు కొట్టారు. సర్మిని తలొంచుకుని కూర్చుంది. అందరూ అదీ వినయమే అనుకున్నారు.

"వెళ్ళి ఉన్నమాట చెప్పెయ్," అన్నాడు కస్ది.

"ఏమని? పసిపిల్లని ఎండలోంచి లేపి నేను కూర్చుంటాననా? రేపు కూరలకి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను?"

పెద్ద నగరమైతే ఇంకో పేటకి పోయి బతకొచ్చు. ఇక్కడ కూరలమ్మే ఆవిడ లస్త్రికి పిన్ని, పేటపెద్దేమో కస్దికి తమ్ముడి వరస.

మొదట్లో సర్మిని గుడ్డలు పట్టుకుని ముందు వరస దాకా నడిచేది. నాలుగో నంబరు పక్కన ఎండలో నిలబడి రీళ్ళు ఆనించి చూసుకునేది. ఆవిడని చూడగానే లస్త్రి కంగారుగా లేచి, కుర్చీ వేసి, పని ఆపి టీ తెప్పించేది. నాలుగు రోజులు చూసి సర్మిని మానేసింది. ఇలా రోజూ వచ్చి నిలబడితే దెప్పినట్టు ఉంటుందని. ఆ తర్వాత మెట్ల కిందే కూర్చుని, డబ్బాలో ఏ రీలు ఎక్కడుండేదో గుర్తు పెట్టుకుని తీసేది. రీలు ఒక్కసారి చోటు మారితే అంతే.

ఒక శుక్రవారం కోడిపులుసు బండి దగ్గర క్యూలో హర్దోయో మాస్టారు ఆవిడ ముందు నిలబడి ఉన్నాడు. హైస్కూలు పెద్ద మాస్టారు. ముదురు నీలం ప్యాంటు, వారం కిందట ఆవిడ కుట్టిచ్చిందే. ఎండ సూటిగా పడుతోంది. మోకాలి వెనక నల్లటి కుట్టు, చీమలబారులా, జానెడు పొడుగున.

మాస్టారు వెనక్కి తిరిగి నవ్వాడు. "మీ పని ఎప్పుడూ చక్కగా ఉంటుందమ్మా. కుట్టు ఎక్కడుందో తెలియనే తెలియదు."

ఆయనకి తెలుసు. వెనకనున్న వాళ్ళందరికీ తెలుసు. బావుండలేదని ఒక్కరన్నా ముఖం మీద అని ఉంటే ఆవిడ అక్కడే భోరుమని, నాకు కనబడటం లేదని చెప్పేసేదేమో. ఎవరూ అనలేదు. పులుసు తినకుండానే ఇంటికొచ్చింది. ఆ ప్యాంటు తర్వాత ఆవిడకి మసీదు దగ్గర కనిపించింది, పోస్టాఫీసులో కనిపించింది, ఓ పెళ్ళిలో భోజనాల దగ్గర కనిపించింది. మాస్టారు ఆవిడ నొచ్చుకోకూడదనే దాన్ని వేసుకుంటున్నాడు.

పాత గిరాకీలు తగ్గారు. ఎవరూ కారణం చెప్పలేదు. చంకలో మూట పెట్టుకుని మెట్లవైపు రాకుండా పక్క గుమ్మంలోంచి పోయేవాళ్ళు. ఎదురుపడితే మాత్రం ఆగి ఆరోగ్యం అడిగేవాళ్ళు, మూట వెనక్కి దాచుకుని.

రెండేళ్ళు గడిచాయి. ఆ జూలైలో, బళ్ళు తెరిచిన వారం, తోగర్ మెట్ల కిందికి వచ్చాడు. బదిలీ అయింది, మధ్యాహ్నం రెండింటికి బస్సు. స్టూలు మీద కూర్చున్నాడు. ఇప్పుడు వాడికీ మా ఊరి పద్ధతి వచ్చింది. టీ రెండుసార్లు వద్దని మూడోసారి తీసుకున్నాడు.

"అమ్మా, రెండేళ్ళ నుంచి ఒకటి అడగాలని. ఆ రోజు మీరు వద్దన్నది నిజంగా వద్దనేనా?"

"నిజంగానే బాబూ. ఇక్కడ చల్లగా ఉంటుంది."

"ఇవాళ బస్సెక్కే దాకా ముద్ర నా చేతిలోనే ఉంటుంది. లస్త్రిగారికి పై అంతస్తులో చోటు చూస్తాను. మార్చమంటారా?"

"ఎందుకు బాబూ శ్రమ."

తోగర్ ముందుకి వంగాడు. "అమ్మా, మూడోసారి అడుగుతున్నా. నాలుగో నంబరు కావాలా?"

ఇంతకంటే మర్యాదగా ఇక ఎవరూ అడగలేరు. తలూపితే చాలు. కానీ సర్మిని కళ్ళకి ఎండలో ఆడుకునే లస్త్రి కూతురు కనిపించింది, ఆ చప్పట్లు వినిపించాయి. తలూపితే రేపటి నుంచి ఊరు ఆవిడని ఏమీ అనదు. మాస్టారి ప్యాంటుని చూసి అననట్టే అనదు.

"వద్దు బాబూ," అంది.

తోగర్ పెద్ద బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు. మూడోసారి చెప్పినదే అసలు మాట అని వాడికి మా ఊరే నేర్పింది. లేచి నమస్కారం పెట్టాడు.

"ఒక్క నిమిషం ఆగు," అంది సర్మిని. ఆవిడ ఈ ఊళ్ళో ఎవరినైనా సాయం అడగడం అదే మొదటిసారి. మిషను మీదున్న రీలు ఒకటి, డబ్బాలోంచి ఇంకొకటి తీసి రెండు చేతుల్లో పట్టుకుంది. "ఈ రెండిట్లో నీలం ఏది?"

తోగర్ డబ్బాలోంచి తీసినదాన్ని చూపించాడు. చూపించాక వాడి చెయ్యి కిందికి దిగలేదు. తలెత్తి ట్యూబులైటు కేసి చూశాడు, మళ్ళీ ఆవిడ కళ్ళలోకి చూశాడు.

"బస్సుకి వేళవుతుంది, వెళ్ళిరా బాబూ," అంది సర్మిని.

ఆ పొద్దున మిషను మీది రీలుతో మూడు నీలం బడి నిక్కర్లు కుట్టి పంపేసింది. పిల్లలు అప్పటికే అవి తొడుక్కుని బడికి పోయారు.