రాజకుమారి మంచం పక్కన

షార్జా బస్సులో నా పక్కన ఒక కోనసీమ ఆవిడ కూర్చుంది. అబుదాబిలో అరబ్బుల ఇంట్లో పనిచేస్తుందట. నా ఒళ్ళో ఉన్న బొమ్మలోకి తొంగి చూసింది. అది మంచం మీద నిద్రపోతున్న రాజకుమారి బొమ్మ, విక్టోరియా రాణి కాలంనాటి తైలవర్ణ చిత్రానికి నకలు.

"శాపం తగిలి రాజకుమారితో పాటు కోటలో అందరూ నూరేళ్ళు నిద్రపోయారండీ," అని కథ చెప్పాను.

ఆవిడ రాజకుమారిని పట్టించుకోలేదు. మంచం పక్కన నేలమీద ఒరిగిన దాసి మీద వేలు పెట్టింది.

"అందరూ కాదండి. ఈవిడ నిద్దరోలేదు. చెయ్యి చూడండి, నేలకి ఎలా ఆనించిందో. మేడం పిలవగానే లెగాలి కదా."

"మీకెలా తెలుసు?"

"ఎనిమిదేళ్ళ నుంచి నేనూ అలాగే కదండీ పడుకునేది!" అని నవ్వేసింది.

ఆ బొమ్మ ఇప్పుడు మా హాల్లో ఉంది. ఇంటికొచ్చినవాళ్ళు, "ఇందులో అందరూ నిద్రపోతున్నారేంటి?" అంటారు.

"ఒక్కావిడ తప్ప," అంటాను.