మూతపడని తలుపులు

ఆళ్లగడ్డలో దాసరయ్య చెక్కిన దేవుళ్లు ఏయే ఊళ్లకు పోయారో ఆయనకే సరిగా తెలియదు. ముప్పై ఏళ్లుగా ఉలి పట్టినవాడు. మాట తక్కువ, పంతం ఎక్కువ. 1978 ఎండాకాలంలో ఒక పొద్దున కొలిమిగుండ్ల ఊరివాళ్ల అమ్మవారి విగ్రహానికి ఉలితో కళ్లు తెరవాలి. ముహూర్తం ఎనిమిదింటికి. ముఖం తూర్పుకు తిప్పుదామని కింద ఆనించిన రాయి లాగాడు. దాని కింద ఎర్రతేలు, వేలెడు కూడా లేదు. ఎడమచేతి బొటనవేలిమీద కుట్టింది.

ఆయన రాళ్లమధ్య పడి గిలగిల్లాడుతుంటే భార్య రంగమ్మ పరుగున పోయి కాంపౌండరు నరసింహులును పిలుచుకొచ్చింది. అతను వేలి మొదట్లో మొద్దుబార్చే సూదిమందు వేశాడు.

"ఏందన్నా, ఇంతింత బండలు దొర్లించేటోనివి, ఈ పురుగుకు ఏడుస్తాండావే?"

"నీకు కుట్టిచ్చుకో, తెలుస్తాది."

కాసేపటికి దాసరయ్య లేచి కూర్చున్నాడు. "నొప్పే లేదప్పా! విషం దిగిపోయినట్టే."

"ఎందుకైనా మంచిది, నంద్యాల ఆస్పత్రికి పో."

"కండ్లు తెరిసినాక పోతా లే."

నరమంటే తీగ అనుకుంటారు చాలామంది. తీగ కాదు, ఉప్పునీళ్లలో మునిగిన పొడుగాటి సన్నసంచి. బయట ఉప్పులోని సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. సంచి పొరనిండా బుల్లి తలుపులు. సోడియం తలుపు రెప్పపాటుకన్నా ఎంతో తక్కువసేపు తెరుచుకుంటుంది, ఉప్పు లోపలికి దూకుతుంది. నరం మోసే కబురు అదే. ఆ తలుపు మూతపడగానే పొటాషియం తలుపు తెరుచుకుని నరాన్ని శాంతింపజేస్తుంది. అటూ ఇటూ పోయినవాటిని మళ్లీ సర్దేవి పంపులు. మూడు సోడియాలను బయటికి తోస్తూ, రెండు పొటాషియాలను లోపలికి తెస్తూ, మనం తిన్న అన్నాన్ని కాల్చుకుంటూ నిద్రలోనూ ఆగవు. నంద్యాల కాలువ తూము ఎత్తితే నీళ్లు వాటంతటవే పారతాయి. ఎదురెక్కించాలంటే ఇంజను తిరగాల్సిందే.

ఎర్రతేలు విషం సోడియం తలుపును మూతపడనివ్వదు. ఉప్పు వస్తూనే ఉంటుంది, పంపు తోడుతూనే ఉంటుంది, నరం ఒక్క కబురును వందసార్లు అరుస్తుంది. నరసింహులు మందు ఆ తలుపులకు గొళ్లెం పెట్టిన మాట నిజమే. పెట్టింది ఒక్క వేలిలో. విషం అప్పటికే నెత్తురులో కలిసి గుండెవైపు సాగిపోయింది.

ఆ ఇంట్లో తాతలనాటి కట్టడి ఒకటి ఉంది. కళ్లు తెరిచే శిల్పి తెర వెనక ఒంటరిగా కూర్చోవాలి. రెండు కళ్లూ పూర్తయ్యేదాకా మాట్లాడకూడదు, మంచినీళ్లు తాగకూడదు, మొదలుపెట్టిన కంటిమీద ఇంకొకరి చెయ్యి పడకూడదు.

ఎనిమిదిన్నరకు దాసరయ్యకు చెమట మొదలైంది. ఎండ అనుకున్నాడు. పంచె తడిసి ఒంటికి అంటుకుంది, కాళ్లు మాత్రం చల్లబడ్డాయి. గుండె ఉలిదెబ్బలను దాటి పరుగెత్తింది. ఒక కన్ను అయింది. ఇంకొకటి మిగిలింది. తెర అవతల రంగమ్మ గాజుల చప్పుడు వినిపిస్తోంది. పిలిస్తే రెండడుగుల్లో వస్తుంది. పిలవలేదు.

రెండో కన్నూ తెరిచి పదకొండుకు తెర తీశాడు. "రంగా, ఊపిరాడతాలేదే" అన్నాడు.

బస్సులో దగ్గు మొదలైంది. నంద్యాలలో దిగేసరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి నోటివెంట గులాబీరంగు నురగ. ఆస్పత్రిలో డాక్టరమ్మ అమృతవల్లి గుండెమీద గొట్టం పెట్టి చాలాసేపు తీయలేదు.

"ఈ చెమటలు ఎప్పటినుంచమ్మా?"

"నాకేం తెల్సు తల్లీ, తెర ఎనకాల ఉండె. నొప్పి పోయిందనె గదా!"

"నొప్పి పోయిందమ్మా. విషం పోలేదు."

దాసరయ్య మాట్లాడలేక నాలుగు వేళ్లు చూపించాడు.

"నాలుగు గంటలా?"

తల ఊపాడు. డాక్టరమ్మ గడియారం చూసుకుంది. ఆ విషానికి విరుగుడు ఆమె దగ్గర లేదు. ఉన్న మందులన్నీ ఎక్కించింది, ప్రాణవాయువు పెట్టింది.

మూడింటికి దాసరయ్య ఊపిరి ఆగింది, ప్రాణవాయువు గొట్టం తీసేశారు. రంగమ్మ ఆయన కాళ్లు వెచ్చబడాలని అరచేతులతో రుద్దుతూనే ఉంది.