పాప ఊళ్ళో లేని నెల

పోయిన ఆదివారం కాకినాడ నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసింది. ఆర్నెల్ల పిల్లాడిని చంకలో వేసుకునే మాట్లాడుతోందని వాడి కేరింతల్ని బట్టి తెలుస్తూనే ఉంది. తను కూడా ఇంట్లో కూర్చునే ప్రోగ్రామింగ్ నేర్చుకుందామనుకుంటోందిట, మొదలుపెట్టడం, నాలుగో రోజుకల్లా వదిలేయడం అవుతోందిట, అప్పట్లో నేను వేసుకున్న టైంటేబుల్ ఏదో ఉంటే కాగితం మీద రాసి పంపించమంది. నువ్వు రోజూ గడియారం చూసుకుని చదివేదానివని అమ్మ ఎప్పుడూ చెబుతుంది వదినా, అని కూడా అంది. నేను సరేనన్నాను. ఆ సరే అన్నప్పటి నుంచీ నాకు మనసు మనసులో లేదు. మా పాప పడుకున్నాక కాగితం ముందు పెట్టుకుని, పైన టైంటేబుల్ అని రాసి కింద గీత కొడుతున్నాను గానీ, ఆ గీత దాటి కలం కదలడం లేదు. అత్తగారు చెప్పే కథలో ఉన్న కోడలు నేనే అయినా, ఆ కోడలు చదివినట్టు నేనెప్పుడు చదివానో నాకే గుర్తుకు రావడం లేదు.

తొంభైల చివరి మాట ఇది. మాది తగరపువలస, మావారిది తణుకు దగ్గర పల్లె. స్టీల్ ప్లాంటులో ఉద్యోగం రావడంతో ఆయన ఇటు వచ్చారు, పెళ్ళయ్యాక కాలనీ క్వార్టర్లో కాపురం పెట్టాం. పాపకి రెండేళ్ళు నిండిన ఏడాది, ఆషాఢంలో అనుకుంటాను, గోపాలపట్నం బజారులో డిగ్రీలో నాకు లెక్కలు చెప్పిన మేడం కనిపించారు. ఆవిడ అక్కడే ఒక ప్రైవేటు కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. కంప్యూటర్ ల్యాబులో పిల్లలకి దగ్గరుండి చూపించే పోస్టు దసరా తర్వాత ఖాళీ అవుతుందనీ, లెక్కలు బాగా చేసేదానివి కాబట్టి నువ్వు నేర్చుకుని రా అనీ, వచ్చి నా ఎదురుగా ఒక ప్రోగ్రాం రాసి నడిపించి చూపిస్తే నీకే ఇస్తాననీ, లేకపోతే వేరేవాళ్ళని చూసుకుంటాననీ కూరల తోపుడుబండి పక్కనే నిలబడి చెప్పేశారు. నేను ఆ రోజు కొనవలసిన కూరలు సగం మర్చిపోయి ఇంటికి వచ్చాను.

అప్పట్లో మాలాంటి వాళ్ళ ఇళ్ళలో కంప్యూటర్ ఎక్కడిది? ద్వారకా నగర్లో ఒక సెంటరుంటే అందులో చేరాను. వారానికి రెండు గంటలు మెషీన్ మీద కూర్చోనిస్తారు, మిగతాదంతా ఇంట్లో పుస్తకం చూసి మనమే నేర్చుకోవాలి. హాస్టల్లో ఉన్నప్పటి అలవాటు కొద్దీ సోమవారం నుంచి శనివారం దాకా గళ్ళు గీసి, పొద్దున తొమ్మిది నుంచి పదిన్నర, మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర అని రంగు పెన్సిళ్ళతో నింపి వంటింటి గోడకి అంటించాను.

షిఫ్టు డ్యూటీ ఇళ్ళలో కాపురం చేసినవాళ్ళు ఈపాటికే నవ్వుకుంటూ ఉంటారు. మిగతావాళ్ళకి చెప్పాలి కదా. 'ఏ' షిఫ్టు, అంటే పొద్దుటి డ్యూటీ వారమైతే తెల్లవారకుండానే క్యారేజీ కట్టి పంపాలి, రెండింటికి డ్యూటీ దిగి ఆకలితో వచ్చే మనిషికి మూడింటికి వడ్డించాలి. బీ షిఫ్టు వారమైతే ఆయన పొద్దుటంతా ఇంట్లోనే, మధ్యాహ్నం భోజనం పన్నెండుకే. సీ షిఫ్టు వారమైతే ఆయన రాత్రంతా డ్యూటీ చేసి పగలంతా పడుకుంటారు కాబట్టి కిటికీలకి దుప్పట్లు కట్టి, కుక్కర్ కూత వినపడకుండా ముందే వండేసి, పాప ఏడిస్తే ఎత్తుకుని మెట్ల కిందకి పరుగెత్తాలి. ఆదివారం మాకు ఆదివారం కాదు, వీక్లీ ఆఫ్ ఏ రోజు పడితే ఆ రోజే ఆదివారం. మాకున్నవి వారాలు కావు, షిఫ్టులు. పుట్టింట్లో నాన్నది బడి ఉద్యోగం కావడంతో నాకది తలకెక్కలేదు. మొదటి వారం బ్రహ్మాండంగా కుదిరిన తొమ్మిది గంటల గడి రెండో వారంలో ఎందుకు చిరిగిపోయిందో అర్థం కాక, నాకే బద్ధకం అనుకుని కుమిలిపోయేదాన్ని. చదివిన రోజున క్యాలెండర్ మీద పెన్సిలుతో ఒక గీత పెట్టేదాన్ని. శ్రావణమాసంలో ఎన్ని గీతలున్నాయో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అత్తగారు అప్పుడు మా దగ్గరే ఉండేవారు. ఆవిడ చెడ్డవారు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. ఊళ్ళో మావగారు ఒక్కరే చెయ్యి కాల్చుకుంటున్నారని బయలుదేరుతూ, పాపని నాతో పంపించెయ్, పరీక్ష అయ్యేదాకా నేను చూసుకుంటాను, నువ్వు ఆ కాలేజీలో చేరితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎలాగూ ఎవరో ఒకరు చూడాలిగా, బళ్ళో వేసేదాకా నా దగ్గరే ఉండనీ, అన్నారు. చివరి మాట మామూలుగానే అన్నారు గానీ నాకు మరోలా తగిలింది. ఉద్యోగం వస్తే పిల్ల వెళ్ళిపోతుంది, పిల్ల ఉంటే ఉద్యోగం రాదు అన్నట్టు వినిపించింది. మావారిని అడిగితే నీ ఇష్టం అన్నారు. ఆయన ఏ విషయంలోనైనా నీ ఇష్టం అనే మనిషి, అది సాయమో తప్పుకోవడమో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను. ఒక్క నెల, ఒక్క నెలే అని నాకు నేను చెప్పుకుని, పాప గౌన్లు ఒక సంచిలో సర్ది, రైలు కదిలేదాకా ప్లాట్‌ఫారం మీద నవ్వుతూ చెయ్యి ఊపి, తర్వాత మావారి స్కూటర్ వెనక కూర్చుని కాలనీకి వచ్చేశాను.

ఆ నెలలో నాకు దొరికినంత సమయం మళ్ళీ జీవితంలో దొరకలేదు. మొదట పడింది సీ షిఫ్టు వారం. ఆయన పడుకునేవారు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే గోడ గడియారం ముల్లు కదిలేది వినపడేది. తొమ్మిదికి కూర్చుంటే పన్నెండుదాకా లేవక్కర్లేదు. షిఫ్టు మారినా, పాప వెనక పరుగెత్తే పని లేదు కాబట్టి ఏదో ఒక పూట మూడు గంటలు దొరికేవి. క్యాలెండర్ మీద ఒక్క రోజు తప్పకుండా గీతలు పడ్డాయి. పుస్తకంలో ఉన్న ప్రోగ్రాములన్నీ గుండ్రటి దస్తూరీతో నోటు పుస్తకంలోకి ఎక్కించాను, కింద ఎర్ర సిరాతో గీతలు కొట్టాను, కొన్ని కళ్ళు మూసుకుని అప్పజెప్పేదాకా బట్టీ పట్టాను. డిగ్రీలో సిద్ధాంతాలు అలాగే చదివాం, అలాగే మార్కులు తెచ్చుకున్నాం, చదవడమంటే ఇంకోలా ఉంటుందని మాకెవరు చెప్పారు? సెంటరుకి వెళ్ళి ఆ నోటు పుస్తకం చూసి టైపు చేస్తే నల్లటి తెర మీద జవాబు వచ్చేసేది, నాకు వచ్చేసిందనుకునేదాన్ని.

నెల చివర ఒకరోజు, అక్కడ నేర్పే ఆవిడ, నాకంటే చిన్నదే, నా వెనకాల నిలబడి చూసి చూసి నోటు పుస్తకం తీసి తన చంకలో పెట్టుకుంది. "ఏటండీ ఇది, ముత్యాల్లా రాసీసారు! ఇప్పుడు పుస్తకం లేకుండా ఒకటి సేయండి సూద్దాం. పది అంకెలుంటే అందులో పెద్దదేదో సెప్పాలి, అంతే" అంది. నా నోటు పుస్తకంలో ఆ ప్రోగ్రాం ఉంది, ఎన్నో పేజీలో ఉందో కూడా తెలుసు. పై రెండు వరుసలూ టపటపా కొట్టేశాను. మూడో వరుస దగ్గర ఏదో ఒక మాట మర్చిపోయాను. ఆ మాట మర్చిపోయేసరికి దాని తర్వాత ఏం రావాలో, అసలు ఎందుకు రావాలో నాకు తెలియలేదు. గంట అయిపోయేదాకా అలా కూర్చునే ఉన్నాను. ఆవిడ నోటు పుస్తకం నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది.

బస్సులో వస్తూ ఆలోచిస్తే నాకు ఒక్కటే తోచింది. పిల్లని పంపించేసినా నాకు రాలేదంటే, పిల్లని పంపడం దేనికి? అది తెలివైన ఆలోచనో, ఓడిపోయిన మనిషి వెతుక్కున్న సాకో ఇప్పటికీ చెప్పలేను. పరీక్షకి ఇంకా మూడు వారాలు కూడా లేవు. మర్నాడే రైలెక్కి తణుకు వెళ్ళాను.

పాప అరుగు మీద కూర్చుని మావగారి కళ్ళజోడు పెట్టెతో ఆడుకుంటోంది. పేరు పెట్టి పిలిస్తే తలెత్తి చూసింది. మా క్వార్టర్లో ఉన్నప్పుడు ఎదురింటి వాళ్ళని చూసి ఎవరు పిలిచినా "ఏటీ?" అనేది. అక్కడి వాళ్ళ అలవాటు పట్టుబడి, కొత్తవాళ్ళు ఎవరొచ్చినా అనమని నేర్పినట్టు, నాతో ఎంతో మర్యాదగా, "ఆయ్, తాతగారు లోపలున్నారండి" అంది. అంత పొడుగు మాట దాని నోటి వెంట నేను వినడం అదే మొదలు. అత్తగారు పొంగిపోతూ, చూశావా ఎంత చక్కగా చెప్పిందో, అన్నారు. నేనూ నవ్వాను. దాన్ని ఎత్తుకోబోతే చీర చెంగు పట్టుకుని అత్తగారి వెనక్కి వెళ్ళిపోయింది. తిరుగు ప్రయాణంలో అనకాపల్లి దాటేదాకా నా ఒళ్ళోకి రాలేదు.

తర్వాతి రోజులకి ఏ టైంటేబులూ లేదు. పాప నన్ను నమ్మడం మానేసి, మళ్ళీ నమ్మడం మొదలుపెట్టి, నేను స్నానానికి వెళ్ళినా తలుపు దగ్గర కూర్చునేది. పుస్తకం తెరిస్తే ఏడుపు. అందుకని పుస్తకం తెరవడమే మానేశాను. అంకె ఒకటి చేతిలో ఉంది, తర్వాత ఏమిటి, అనే ఆ మూడో వరుస మాత్రం బియ్యం కడుగుతున్నా, గుడ్డలు పిండుతున్నా తలలో తిరుగుతూనే ఉండేది.

అలాంటి ఒక పొద్దున చేపలావిడ వచ్చింది. సముద్రం వైపు నుంచి గంప నెత్తిన పెట్టుకుని మా బ్లాకు మెట్ల దగ్గర దింపేది. పాపకి ముళ్ళు తక్కువగా ఉండేలా పెద్ద కానాగంత ఒకటి ఏరమన్నాను. ఆవిడ ఒకటి తీసి ఎడమ చేత్తో పట్టుకుంది. కుడిచేత్తో ఇంకోటి తీసింది, పక్కన పెట్టి చూసింది, చిన్నది, గంపలో పడేసింది. ఇంకోటి తీసింది, ఇది పెద్దది, ఎడమ చేతిలో ఉన్నది గంపలో పడేసి దీన్ని పట్టుకుంది. గంప అడుగుదాకా అలాగే. చివరికి ఎడమ చేతిలో ఏది మిగిలితే అదే నాది. నేను ఆ చెయ్యి కేసి కళ్ళార్పకుండా చూస్తూ ఉండిపోయాను.

"ఏటమ్మా, సేప కేసి సూడకుండా నా సెయ్యి కేసి సూత్తన్నావ్? నానేటి, సిన్నది అంటగట్టీత్తాననుకున్నావా?" అంది ఆవిడ.

నా చంకలోంచి పాప, "చేప బాగుందండి" అంది.

"ఓలమ్మో! ఈ గుంట గోదారోల పిల్లయిపోనాదే! నన్ను అండి అంటన్నాదేటి!" అని ఆవిడ గంప మీద చెయ్యేసుకుని ఒకటే నవ్వు. పాప కూడా నవ్వింది. ఊరి నుంచి వచ్చాక పాప నవ్వడం అదే మొదటిసారి. అప్పుడే నాకు ఆ మూడో వరుస అర్థమైంది. ఈ రెండింటిలో ఏది ముందు జరిగిందో గుర్తు చేసుకుందామని చూస్తాను, రెండూ కలిసిపోయే కనిపిస్తాయి.

దసరా వెళ్ళాక గోపాలపట్నం వెళ్ళాను. ఆ రోజు మావారి తర్వాత షిఫ్టులో దిగవలసిన జోడీ డ్యూటీకి రాలేదని ఈయన్ని ఇంకో షిఫ్టు ఉండిపొమ్మన్నారు, పాపని చూసేవాళ్ళు లేక వెంట తీసుకెళ్ళాను. మేడం పాపకి ఒక సుద్దముక్క ఇచ్చి నేల మీద కూర్చోబెట్టి, నన్ను పిల్లల మార్కుల్లో రెండో స్థానం ఎవరిదో చెప్పే ప్రోగ్రాం రాయమన్నారు. అది నా నోటు పుస్తకంలో లేదు. మొదట పెద్దది చెప్పే పాత ప్రోగ్రామే కొట్టాను. తర్వాత, రెండు చేతుల్లోనూ చెరో చేప పట్టుకోవాలి కదా అనిపించింది. నాలుగుసార్లు ఎర్రర్ వచ్చింది, మధ్యలో పాప రెండుసార్లు వచ్చి కొంగు లాగింది, ఐదోసారికి నడిచింది. ఇద్దరికి ఒకటే మార్కులొస్తే ఇది తప్పు చెబుతుందండీ అని నేనే అన్నాను. అది విని మేడం, సోమవారం నుంచి వచ్చెయ్, పిల్లని ఎవరికైనా అప్పజెప్పి రా, అన్నారు. ఎదురింటావిడ చూస్తానంది. అలా తొమ్మిదేళ్ళు గడిచాయి.

ఇప్పుడు మా ఇంట్లోనే కంప్యూటర్ ఉంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు కూర్చోవచ్చు, ఏది కావాలన్నా వెతికితే దొరుకుతుంది. మా ల్యాబుకి వచ్చే పిల్లలు మాత్రం టైము చాలడం లేదు మేడం అంటారు. వాళ్ళకేం చెప్పాలో తెలియక, కాస్త కాస్త చేస్తూ ఉండండి అంటాను. నిజానికి నేను రోజూ తప్పకుండా చదివిన నెలలో నాకేమీ రాలేదు, ఏ రోజూ సరిగ్గా కుదరని మూడు వారాల్లో వచ్చింది. పోనీ ఆ నెల బట్టీ లేకపోతే ఈ మూడు వారాలు పనికొచ్చేవా అంటే అదీ తెలియదు. నేర్చుకోవడానికి ఎన్నాళ్ళు పట్టిందని ఎవరైనా అడిగితే ఆ నెలని కలపాలో తీసెయ్యాలో తేల్చుకోలేను. ఆడపడుచుకి పంపవలసిన కాగితం మీద ఇంకా ఆ గీత ఒక్కటే ఉంది. పాపకి పదకొండేళ్ళు వచ్చాయి. నేను పని చేసుకుంటూ ఉంటే మధ్యలో వచ్చి కొంగు లాగదు, అమ్మ పనిలో ఉంది అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోతుంది. ఎంత బుద్ధిమంతురాలో అని అందరూ అంటారు, నాకు మాత్రం కాసేపు పని ముందుకు సాగదు.

అత్తగారు వచ్చినప్పుడల్లా అవే అడుగుతాను. ఆ నెలలో అక్కడ పాప మొదట నేర్చుకున్న మాట ఏమిటి, నా కోసం ఏడిచిందా, ఎన్నాళ్ళకి మానింది అని. ఆవిడ ఒకసారి కళ్ళజోడు అంటారు, ఇంకోసారి ఆవు అంటారు. ఏడుపు సంగతి అడిగితే, అబ్బే, అసలు ఏడిస్తేనా, అంటారు ఒకసారి. ఇంకోసారి, మొదటి వారం గుమ్మం దగ్గరే పడుకునేది, అంటారు. పెద్దావిడ, మర్చిపోతున్నారు. ఏది నిజమో గట్టిగా నిలదీసి అడగబుద్ధి కాదు నాకు.