బెవర్లీ డేలియాలు, నా దిక్కుల పాండిత్యం

నలభై మూడు డేలియా కుండీలను ఒక్క మధ్యాహ్నంలో సర్వనాశనం చేశాను. తుఫాను కూడా ఓ చెయ్యి వేసిందనుకోండి, కానీ పథకం మాత్రం పూర్తిగా నాదే. చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి. మా ఆయన ముందు మాత్రం నవ్వకండి. ఆయనకి ఇప్పటికే ఈ కథ మీద మోజెక్కువ. ఇంటికొచ్చినవాళ్లకి కాఫీ కంటే ముందు ఇదే వడ్డిస్తున్నారు.

మేం ఆక్లండ్ వచ్చి అప్పటికి ఆరు నెలలు. మౌంట్ రాస్కిల్‌లో అద్దె ఇల్లు. వచ్చిన కొత్తలో ఆ ఇల్లు చూపించిన ఏజెంటు, "ఉత్తరం వైపు తిరిగిన ఇల్లు మేడమ్, హాల్లోకి రోజంతా ఎండ" అని మురిసిపోతుంటే నాకు నవ్వాగలేదు. మిట్టమధ్యాహ్నం ఎండ ఆ కిటికీలోంచి భళ్లున పడుతోంది. చలి రోజుల్లో మధ్యాహ్నం ఎండ దక్షిణపు కిటికీలోంచి రాక ఉత్తరం నుంచి వస్తుందా? బందరులో పుట్టి పెరిగినదాన్ని, బి.ఏ. జాగ్రఫీ ఫస్ట్ క్లాసులో పాసైనదాన్ని, నాకు దిక్కులు చెబుతాడా!

"పాపం, వీళ్లకి దిక్కులు కూడా సరిగ్గా తెలీవండీ," అన్నాను మా ఆయనతో.

ఆయన ఫోనులో దిక్సూచి తీసి చూపించారు. "వసుంధరా, ఇది కూడా ఉత్తరమనే అంటోంది."

"మీ ఫోను కవరుకి అయస్కాంతం ఉంది. అది నిజం చెబుతుందా, అయస్కాంతం చెప్పమన్నది చెబుతుందా?"

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నారు. పాతికేళ్ల కాపురంలో ఆయన సాధించిన ఏకైక విద్య అది.

అలా నా లెక్క ప్రకారమే ఈశాన్యం మూల దేవుడి పటాలు, నైరుతి మూల బియ్యం డబ్బా సర్దేశాను. మరి సూర్యుడు ఎటు పొడుస్తున్నాడో చూసుకోలేదా అని అడుగుతారు. చూడాలంటే ముందు లేవాలి కదండీ! లేచిన నాలుగు రోజులూ పొద్దున మబ్బు, సాయంత్రం వాన.

ఇంతలో మార్చి వచ్చింది. ఉష్ణమండలం నుంచి తుఫాను దిగి వస్తోందనీ, రేపు మధ్యాహ్నం నుంచి ఈశాన్యపు పెనుగాలులనీ రేడియో ఒకటే మోత. ఇక చూడండి నా సంబరం! ఆరు నెలలుగా బస్సెక్కడం దగ్గర్నుంచి చెత్తబుట్ట మూత రంగు దాకా అన్నీ ఒకరిని అడిగి నేర్చుకుంటున్నదాన్ని. తుఫాను మాత్రం నా సబ్జెక్టు. తుఫాన్లకి పేర్లు పెట్టక ముందునుంచీ వాటితో నాకు పరిచయం. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలంటారు, నేను గాలి రాకముందే మా ఆయన్ని తూర్పారబట్టాను.

"టబ్బు నిండా నీళ్లు పట్టండి. కొవ్వొత్తులు తెమ్మన్నానుగా, ఏవీ?"

"ఇవిగో."

"ఇవి పుట్టినరోజు కొవ్వొత్తులండీ! తుఫానుకి కేకు కోయిస్తారా?"

"షాపులో అవే మిగిలాయి. అందరూ నీలాంటివాళ్లే ఉన్నారీ ఊళ్లో."

మూడు రోజులకు సరిపడా పులిహోర కలిపి, చేతులు కడుక్కుని, పక్కింటికి బయల్దేరాను. అక్కడే పట్టింది శని.

పక్కింటి బెవర్లీకి డెబ్బై దాటాయి. ఒక్కతే ఉంటుంది. ఈ దేశంలో నన్ను పేరడిగి, ఆ పేరు పలకలేక "వాసూ" అని ఖాయం చేసి, కంచె మీంచి నిమ్మకాయల సంచి అందించిన మొదటి మనిషి. నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలన్నా అబద్ధం కాదు. ఆవిడ ప్రాణమంతా డేలియాల్లో ఉంది. నిరుడు పూల పోటీలో రెండో బహుమతి వచ్చిందట. ఈసారి మొదటిది కొట్టాలని కుండీల్లో పసిపిల్లల్ని సాకినట్టు సాకుతోంది. పోటీ ఆ వచ్చే ఆదివారమే.

కుండీలన్నీ గ్యారేజీ వెనక వరసగా పేర్చి ఉన్నాయి. చూసి తల పట్టుకున్నాను.

"బెవర్లీ! ఇక్కడ పెట్టారేంటి? ఇది ఈశాన్యం. గాలి తిన్నగా వీటి నెత్తినే కొడుతుంది!"

"లేదమ్మా, గాలి అటుపక్క నుంచి వస్తుంది. గ్యారేజీ అడ్డం ఉంది కదా," అంది ఆవిడ. ఇంగ్లీషులోనే లెండి, మీ కోసం తెలుగు చేస్తున్నాను.

"అటుపక్క నైరుతి. మా వాస్తులో కూడా బరువంతా నైరుతిలోనే ఉండాలి."

"ఏమో వాసూ, ఎప్పుడూ ఇక్కడే పెడతాను."

"ఎప్పుడూ చేసేదల్లా ఒప్పయిపోతుందా? మా బందరు ఎక్కడుందో తెలుసా మీకు? సముద్రం ఒడ్డున! మేం ఉయ్యాలలో ఊగినదే తుఫాను గాలికి!"

అలా మొదలుపెట్టి, బంగాళాఖాతం, అల్పపీడనం, వాయుగుండం, నా డిగ్రీ మార్కులు, అన్నీ విప్పాను. ఆవిడ మధ్యలో రెండుసార్లు నోరు తెరిచింది, రెండుసార్లూ నేనే మూయించాను. చివరికి నా కరివేపాకు మొక్కని కూడా తెచ్చి, గ్యారేజీకి అటుపక్క నేనే ముందు పెట్టాను. ఆక్లండ్‌లో కుండీలో బతికిన కరివేపాకంటే కన్నబిడ్డతో సమానం.

"చూశారా? నా నమ్మకం ఇది!"

బెవర్లీ ఆకాశం కేసి చూసింది, నా కేసి చూసింది, పెద్ద నిట్టూర్పు విడిచి తోపుడుబండి తెచ్చింది. నలభై మూడు కుండీలూ అటు చేర్చాం.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి గాలి మొదలైంది. మా హాలు కిటికీలోంచి చూస్తే కుండీలు కనిపిస్తాయి. మొదట పూలు తలలూపాయి. తర్వాత పూనకం వచ్చినట్టు ఊగాయి. ఆ తర్వాత కుండీలు ఒకదాని వెనక ఒకటి, విందులో రెండో పంక్తి పిలిస్తే లేచిన జనంలా పరిగెత్తాయి. ఎర్ర రేకులూ పసుపు రేకులూ తలంబ్రాల్లా వచ్చి మా కిటికీకి అంటుకున్నాయి. గ్యారేజీ వెనక, పాత చోట, ఎండుటాకు కూడా కదల్లేదు.

"గాలి దారి తప్పిందండీ," అన్నాను.

మా ఆయన పులిహోర తింటూ, "రేడియో విని ఉండదు," అన్నారు.

నిద్రపడితే ఒట్టు. బెవర్లీకి మొహం ఎలా చూపించాలి? ఆదివారం ఆవిడ ఏం పట్టుకెళ్తుంది, ఖాళీ కుండీలా? పొద్దున్నే గాలి తగ్గి ఆకాశం తేటగా ఉంటే బయట మెట్ల మీద కూలబడ్డాను. అప్పుడు, ఆరు నెలలుగా నేను పడమర అంటున్న వైపు నుంచి, ఎర్రగా, గుండ్రంగా...

"ఏమండీ! రండి! సూర్యుడు పడమట పొడిచాడు!"

ఆయన దుప్పటితోనే వచ్చి చూశారు. "వసుంధరా, ఆయన పుట్టినప్పట్నుంచీ ఒకవైపే పొడుస్తున్నాడు. మీ ఇద్దర్లో ఎవరో ఒకరు పొరబడ్డారు."

నిజం చెప్పొద్దూ, ఒక్క నిమిషం సూర్యుణ్ణే అనుమానించాను. తర్వాత వెలిగింది. భూమధ్యరేఖకి ఇంత దిగువన మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. డిగ్రీలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వేయించుకున్నాను. పూలు రాలాక దిక్కులు పట్టుకుని ఏం లాభం?

"అయితే ఇన్నాళ్లూ దేవుణ్ణి నైరుతిలో కూర్చోబెట్టి దండం పెడుతున్నామా?" అన్నారాయన.

"ఆయన ఏమీ అనలేదుగా!"

"నీతో ఎవరంటారు?"

కాళ్లీడ్చుకుంటూ వెళ్లి బెవర్లీ తలుపు తట్టాను. తీయగానే, "తప్పు నాదే. దిక్కులన్నీ తలకిందులుగా లెక్కేశాను. మీ పోటీ నాశనం చేశాను," అని గడగడా అప్పజెప్పి తలొంచుకున్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని బట్టలుతికే గదిలోకి తీసుకెళ్లింది. అక్కడ ఐదు కుండీల్లో కుంకుడు నురగంత మెత్తగా, పళ్లెమంతేసి పూలు.

"పోటీకి పెట్టేవి నువ్వు రాకముందే లోపలికి తెచ్చేశాను. బయటివి దుంప బతికుంటే మళ్లీ పూస్తాయిలే."

"అయితే... గాలి ఎటు నుంచి వస్తుందో మీకు తెలుసా?"

"ఈ ఇంట్లో నలభై ఏళ్లుగా ఉంటున్నాను వాసూ."

"మరి నన్నెందుకు ఆపలేదు? అన్ని కుండీలూ నాతో కలిసి ఎందుకు మోశారు?"

"తుఫాను ఒక్కరోజులో తగ్గిపోతుందని రేడియోలో చెప్పారు," అంది బెవర్లీ శాంతంగా. "నీ గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు."

ఆదివారం ఆవిడకి మొదటి బహుమతి వచ్చింది. పూలు కారు దాకా మోసింది నేనే, పల్లెత్తు మాట లేకుండా. ఆ పోటీ హాల్లోనే, గాలికి ఆకులన్నీ రాలి బోడిదైన నా కరివేపాకు మొక్క మీద ఒట్టేసి ప్రతిజ్ఞ చేశాను: భూమధ్యరేఖకి దిగువన ఉన్నంతకాలం దిక్కుల గురించి ఏ మనిషితోనూ వాదించను. విమానం ఆ రేఖ దాటిన మరుక్షణం ఈ ప్రతిజ్ఞ చెల్లదు.