మింగితే గానీ తెలియని చేదు

ఆ వార్త నాకు మొదట తెచ్చినవాడు మద్దిలేటి. 2002 వేసవి అది. నంద్యాల పొలిమేరలో, గిద్దలూరు పోయే దారిలో ఉన్న ఒక బీరు ఫ్యాక్టరీలో నేను అప్పటికి సీనియర్ కెమిస్టును. మద్దిలేటి మా సరుకు తోలే లారీ డ్రైవరు. ఆళ్లగడ్డ నుంచి ఖాళీ సీసాలతో తిరిగి వచ్చి, లారీని గేటు దగ్గరే వదిలేసి, ల్యాబు కిటికీ దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"మేడమ్, మన కొత్త బీరు తాగి ఆడ బారులో ఇద్దరు కక్కుకున్యారంట. పత్తికి కొట్టే పురుగుమందు కలిపినాడని మౌలాలిని పట్టుకోని చావగొట్టినారు. పోలీసులొచ్చి వాన్ని తీసుకపోయినారు."

మౌలాలి ఎవరని అడిగాను. బారులో బల్లల దగ్గరికి సీసాలు అందించే మనిషి అని, యాభై దాటిన వాడని, ఎవరి జోలికీ పోడని చెప్పాడు. పురుగుమందు మాట ఎలా పుట్టిందన్నాను.

"సీసాల మూత తీసి, నీళ్ల బక్కెట్లో తలకిందలు పెడతాండె. గ్లిజరిన్ దిగల్లని. ఎవరో కొత్తోడు అది చూసి, ఈడేందో కలుపుతాండాడు అన్యాడు. అంతే. అయినా కలపాల్సిన పనేముండాది మేడమ్? ఆ బీరు ముందే చేదు. నేను తాగినా గదా." ఆ మాట అన్నాక నా ముఖం చూసి, "డ్యూటీలో కాదులే మేడమ్" అని చేర్చాడు.

ఈ గ్లిజరిన్ సంగతి ఇప్పటివాళ్లకు తెలియదు. బీరు చెడిపోకుండా కంపెనీలు అందులో గ్లిజరిన్ పోస్తాయని, అది కడుపుకు మంచిది కాదని ఆ రోజుల్లో తాగేవాళ్లలో గట్టి నమ్మకం. మూత తీసిన సీసాను బొటనవేలితో మూసి, నీళ్లలో బోర్లించి వేలు తీస్తే, సీసా మూతి నుంచి నూనెలాంటి సన్నని తీగ ఒకటి నీళ్లలోకి దిగుతుంది. "అదుగో గ్లిజరిన్" అనేవాళ్లు. అది గ్లిజరిన్ కాదు. నీళ్ల కంటే బీరు కొంచెం బరువు, అందువల్ల కిందికి జారుతుంది, అంతే. మా దగ్గర ఏనాడూ ఒక్క చుక్క గ్లిజరిన్ వాడలేదు. కానీ బారుకు వచ్చేవాళ్లు అడుగుతారు కాబట్టి మౌలాలి అలా చేసిచ్చేవాడు. ఏళ్ల తరబడి ఎవరు అడిగి చేయించుకున్నారో వాళ్లే ఆ రోజు అతని మీద చేయి చేసుకున్నారు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ కొత్త బీరు గురించి కొంత చెప్పాలి. పిల్స్‌నర్ అనేది లేత రంగు బీరు. బార్లీని మొలకెత్తించి, ఆరబెట్టి, కొద్దిగా వేడి చేస్తే మాల్ట్ అవుతుంది. తియ్యదనం దానిది. చేదు హాప్స్ అనే పూలది. అవి మన దగ్గర పండవు, బయటి దేశాల నుంచి ఉండలుగా చేసి పంపిస్తారు. మామూలుగా మేము వేసే హాప్స్ చాలా తక్కువ. ఆ ఏడు మాకు ఉన్న బ్రూ మాస్టర్, అంటే బీరు కాచే పనికి పెద్ద, స్ట్రాంగ్ పిల్స్‌నర్ ఒకటి చేద్దామని పట్టుబట్టి హాప్స్ దండిగా వేశాడు. ఆల్కహాలు కూడా ఎక్కువే. సీసాల్లోకి ఎక్కకముందే ఆయన మేనేజరుతో మాట పట్టింపు వచ్చి ఉద్యోగం మాని వెళ్లిపోయాడు.

మా పద్ధతి ప్రకారం ప్రతి బ్యాచినీ ముగ్గురు రుచి చూడాలి: బ్రూ మాస్టర్, మేనేజరు, కెమిస్టు. నా వంతు రంగు, నురుగు, వాసన. చేదు తేల్చేది మిగతా ఇద్దరు. దానికి కారణం నేనే. చిన్నప్పుడు ఉబ్బసంతో బడికి పోలేకపోయాను. మా అమ్మే నాకు ఇంట్లో చదువు చెప్పింది. పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని ఎక్కాలు అప్పజెప్పించుకుంటూనే, చారులో ఇంగువ ఎప్పుడు పడిందో, నెయ్యి ఏ క్షణాన దించాలో వాసనతో చెప్పమనేది. ఆ చదువుతోనే ప్రైవేటుగా మెట్రిక్ కట్టి, తరువాత డిగ్రీ చేశాను. ఈ ఉద్యోగం వచ్చినప్పుడు అమ్మ నన్ను అహోబిలం తీసుకుపోయి, స్వామి ముందు ఒక్క మాట తీసుకుంది: నోట్లో పోసుకున్నా గొంతు దిగనివ్వకూడదని. ఆ మాట మీదే ఉన్నాను. రంగు చూసి, వాసన చూసి, పుక్కిలించి ఉమ్మేసేదాన్ని. రంగుకూ వాసనకూ అది చాలు. చేదుకు చాలదు. బీరు చేదు నాలుక వెనక, గొంతు మొదట్లో తెలుస్తుంది. మింగకుండా దాన్ని తేల్చలేము. ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన సంగతి ఇది.

మధ్యాహ్నం మేనేజరు పిలిపించారు. పోలీసులకు ఇవ్వాల్సిన రిపోర్టు ఏం రాయాలో ఆయనే చెప్పారు: మా బీరులో అసాధారణమైన చేదు లేదు, ఉంటే సీసా మూత తీసిన తరువాత బయటినుంచి కలిసినదే.

"మీరు రుచి చూశారా సార్?" అని అడిగాను.

"చూసేదేముంది? కంపెనీ బీరు కంపెనీ బీరులాగే ఉంటుంది."

"బ్యాచి రోజున చూశారు కదా?"

ఆయన కాగితాలు సర్దుకుంటూ, తనకు బీరు పడదని, విస్కీ మాత్రమే అలవాటని, ఆ రోజు బ్రూ మాస్టర్ లేడు కాబట్టి రెండు సంతకాలూ తానే పెట్టానని తాపీగా చెప్పారు. ముగ్గురు చూడాల్సిన బీరును చేదు విషయంలో ఒక్కరూ చూడలేదన్న మాట. చూడని వాళ్లు "చేదు లేదు" అంటున్నారు. ఇక్కడ ఆ మాట అంటుంటే, అక్కడ మౌలాలి పోలీసు స్టేషనులో కూర్చుని ఉన్నాడు. చూసి రాస్తానని చెప్పి లేచాను.

ప్రతి బ్యాచిలోంచి కొన్ని సీసాలు మూత తీయకుండా దాచి ఉంచుతాం. వాటిని నిలవ నమూనాలు అంటాం. మరునాడు ఉదయం, ఊరగాయ, వక్క వగైరా ఏమీ తగలని నోటితో, ఆ బ్యాచి సీసా ఒకటి చల్లబరిచి తెచ్చుకున్నాను. స్వామిని తలుచుకున్నాను. అమ్మ అప్పటికి లేదు. ఉండి ఉంటే ఆమెను అడిగేదాన్ని. ఆమె మింగి చూడమనేదని నాకు తెలుసు కాబట్టి అడిగినట్టే అనుకున్నాను.

రంగు లేత బంగారం, అడుగు కనిపించేంత తేట. నురుగు తెల్లగా, మందంగా లేచి గ్లాసు అంచును పట్టుకుని చాలాసేపు దిగలేదు. వాసనలో ముందు అప్పుడే కోసిన పచ్చిగడ్డి, తరువాత నలిపిన గోరింటాకు, ఒక మూల నారింజ తొక్క. వీటన్నిటి కింద వేయించిన జొన్నపేలాల కమ్మదనం. పురుగుమందు వాసన పత్తి చేల మధ్య పెరిగిన నాకు ఒకరు చెప్పక్కరలేదు. అది వెల్లుల్లి కుళ్లినట్టు ముక్కులో గుచ్చుతుంది. ఆ ఛాయ కూడా లేదు.

నోట్లో పోసుకుంటే మొదట తియ్యన, రొట్టె నమిలినప్పటి తియ్యన. నాలుక మధ్యన గ్యాసు చురుకు. ఇంతవరకూ నాకు తెలిసిన దారే. తరువాత మింగాను. గొంతు మొదట్లో చేదు లేచింది. కాకర చేదు నాలుక మీద కూర్చుని కాసేపటికి పోతుంది. ఇది అలాంటిది కాదు. పచ్చి వేపపుల్ల గట్టిగా నమిలితే దవడల లోపలికి పాకుతుందే, అలా పాకి, పొడిగా, అక్కడే నిలబడిపోయింది. దాని వెనకే రొమ్ములో వెచ్చదనం. అది ఆల్కహాలు. అదే సీసాను మూసి ఎండ పడే కిటికీలో పెట్టి, వెచ్చబడ్డాక మళ్లీ ఒక గుక్క చూశాను. చల్లదనం నాలుకను మొద్దుబారుస్తుంది. అది పోయాక చేదు రెట్టింపయింది. ఆళ్లగడ్డలో ఆ రోజు కరెంటు లేక సీసాలు వెచ్చగానే ఇచ్చారని మద్దిలేటి చెప్పి ఉన్నాడు.

నిజం చెప్పాలంటే అది చెడ్డ బీరు కాదు. కాచినవాడు పని తెలిసినవాడు. తాగేవాళ్లకు ముందుగా ఒక మాట చెప్పకుండా, మామూలు బీరు లాగే పంపించడం మా తప్పు. ఉన్నది ఉన్నట్టు రాశాను: మూత తీయని సీసాలోనూ ఇదే చేదు ఉంది, అది హాప్స్ చేదు, విషపు వాసన ఏదీ లేదు, బారులో తెరిచిన సీసాల గురించి అవి నా చేతికి రాలేదు కాబట్టి చెప్పలేను.

మేనేజరు చదివి, "పూజలు చేసే మేడమ్ గ్లాసు ఎత్తారని ఊళ్లో తెలిస్తే ఎవరికి బాగుంటుంది? ఆలోచించుకోండి" అన్నారు.

"ఎత్తాల్సింది మీరు సార్. మీరు ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తాను" అన్నాను. నా గొంతు అంత పెద్దది కాగలదని నాకు ఆ రోజే తెలిసింది.

ఆయన పంపరని తెలిసి, రిపోర్టు నకలు, మూత తీయని సీసాలు తీసుకుని మద్దిలేటి లారీలో నేనే ఆళ్లగడ్డ పోయాను. స్టేషనులో ఇన్‌స్పెక్టరు మర్యాదగా కూర్చోమని, "మీరే తాగి చూసినారా అమ్మా?" అని అడిగాడు. చూశానన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా, కక్కుకున్నవాళ్లలో ఒకణ్ని పిలిపించాడు. ఎండలో పత్తి బేళ్లు మోసి, ఖాళీ కడుపున ఆ స్ట్రాంగ్ బీరు సీసా మీద సీసా తాగినవాడు. అప్పటికి పూర్తిగా కోలుకున్నాడు. నేను తెచ్చిన సీసా అతని ముందే మూత తీసి ఒక గుక్క ఇప్పించాడు.

"ఇదే సార్" అన్నాడు మూతి తుడుచుకుంటూ. "ఇదే చేదు. ఇంగా ఎక్కువే ఉండాది."

"ఇది ఫ్యాక్టరీ నుంచి సీలుతో వచ్చిందప్పా. మౌలాలి దీన్ని ముట్టుకోనే లేదు. మరి వాన్ని ఎందుకు కొట్టినావు?"

"అందరూ కొడ్తాన్యారు సార్. నేనూ ఒకటేస్తి."

మౌలాలిని ఆ సాయంత్రమే వదిలేశారు. చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది, ఎడమ చెవి వాచి ఉంది. నన్ను చూసి దండం పెట్టబోతే వద్దన్నాను. "గ్లిజరిన్ దిగల్లని వాళ్లే అడిగేటోళ్లమ్మా" అని ఒక్కటే మాట రెండుమార్లు అన్నాడు. ఒకరినీ తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

బారు యజమానిని కలిసి, నిర్దోషి అని తేలింది కదా, పనిలో పెట్టుకోమన్నాను. "నాకు తెల్దా మేడమ్? కానీ వాన్ని చూస్తే గిరాకీ పోతాది" అన్నాడు. తప్పు మాదేనని కంపెనీ తరఫున ఊళ్లో నలుగురికీ తెలిసేలా చెప్పమని మేనేజరును అడిగాను. మా బీరు చేదని మేమే చాటుకోవాలా అని ఆయన నవ్వారు. ఆ బ్యాచి మిగిలిన సీసాలను చప్పుడు లేకుండా వెనక్కి తెప్పించి కాలువలో పోయించారు. నన్ను రుచి పని నుంచి తప్పించి నీళ్ల పరీక్షకు మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. నీళ్లు చూసే పని ఇచ్చినందుకు స్వామికి రోజూ దండమే పెట్టుకున్నాను. దారి పొడుగునా నా వెంట ఉన్న మద్దిలేటికి కూడా.

మౌలాలి అవుకు అనే ఊరికి పోయి, చేపలు పట్టేవాళ్ల దగ్గర పనిలో చేరాడని, ఎడమ చెవి ఇక వినపడలేదని, కొన్నేళ్లకు పోయాడని మద్దిలేటి ద్వారానే తెలిసింది. ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. ఈ మధ్య ఆళ్లగడ్డ బస్సులో నా వెనక సీట్లో ఇద్దరు పెద్దవాళ్లు మాట్లాడుకుంటున్నారు. "వెనకట ఈడ బారులో మౌలాలి అని ఒకడు బీరులో పురుగుమందు కలిపినాడప్పా" అని ఒకాయన చెబుతున్నాడు. నేను వెనక్కి తిరిగి కాదని చెప్పాను. "నీకెట్ల తెలుసమ్మా?" అన్నాడు. చెప్పాను. విన్నారు గానీ, నమ్మినట్టు నాకు తోచలేదు.

ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఒకటే. రుచి గురించి సంతకం పెట్టేవాడు ఆ రుచి చూసి తీరాలి. చూడడానికి అలవాటు, మడి, హోదా ఏది అడ్డమైనా సరే, ఆ అడ్డాన్ని తీసి చూడాలి, లేదా ఆ కుర్చీ వదిలేయాలి. చూడకుండా పెట్టిన సంతకానికి దెబ్బలు పడేది ఎప్పుడూ వేరే ఎవరికో.

చదివినవాళ్లను ఒకటి కోరుతున్నాను. ఆ కథ మీ ముందు ఎవరైనా ఎత్తితే, ఆళ్లగడ్డ బారులో పనిచేసిన మౌలాలి ఏ సీసాలోనూ ఏమీ కలపలేదని చెప్పండి. అతన్ని అలా గుర్తుపెట్టుకోండి.